కొండగుడి సాక్షి

కోర్వాల్ దొరవారి కోడలు ఫిలిబెర్త్‌కు ఆ మార్చి నెలలో ఒక పొద్దుటిపూట ఆడపిల్ల పుట్టింది. పుట్టింది అనడానికి నోరు రావడం లేదు గానీ దానికి వేరే మాట లేదు. మంత్రసాని పెర్నెత్ బిడ్డను కాళ్లు పట్టి ఎత్తింది, వీపు మీద చరిచింది, నోట్లో నోరు పెట్టి ఊదింది, సారా అరచేతిలో పోసుకుని గుండెల మీద రుద్దింది. బిడ్డ నీలంగానే ఉండిపోయింది.

మంచం పక్కన చెంబులో నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. కొనఊపిరితో ఉన్న బిడ్డకైతే గురువు కోసం ఆగక్కర్లేదు, మంత్రసానే నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇచ్చేయవచ్చు. ఊపిరే లేని బిడ్డకు మాత్రం ఇవ్వకూడదు. ఇవ్వనని, ఊరి ఆడవాళ్లంతా కలిసి తనను మంత్రసానిగా ఎన్నుకున్న రోజున పెర్నెత్ గుడిలో ప్రమాణం చేసింది. పైగా ఊరి గుడికి కొత్తగా వచ్చిన గురువు ఫాదర్ ఫ్లోరెంతిన్ గుమ్మం అవతలే నిలబడి ఉన్నాడు. పెర్నెత్ చెంబు వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది, చివరికి చెంబును చేత్తో పక్కకు జరిపేసింది.

కింద గదిలో పొయ్యి దగ్గర ముసలి దొర ఆంతెల్మ్ కూర్చుని ఉన్నాడు. పైనుంచి తల్లి కేక, ఆ వెనకే బిడ్డ ఏడుపు వినబడతాయని కాచుకున్నాడు. కేక వినబడింది. ఏడుపు వినబడలేదు. కొడుకు గాస్పార్ కొండలకు అవతల టురిన్‌లో రాజుగారి పటాలంలో ఉన్నాడు. కనుమలో మంచు కరిగేదాకా అతనికి కబురైనా అందదు. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఈ దుఃఖానికి పెద్దదిక్కు తానొక్కడే.

ఆంతెల్మ్ దొర పేరు ఆ కొండల దేశం సావోయ్ అంతటా తెలుసు. పారిస్‌లో జనం తిరగబడి రాజును దించిన ఏడాదే వాళ్ల సైన్యం కొండలెక్కి ఇక్కడికీ వచ్చింది. న్యాయాధికారులను వరసగా నిలబెట్టి, కొత్త ప్రభుత్వానికి కట్టుబడి ఉంటామని చెయ్యెత్తి చెప్పమంది. అందరూ చెప్పారు. కొందరు పైకి అవునని లోపల కాదనుకున్నారు. వాళ్లలో ఒకడైన ఆంతెల్మ్ చెయ్యెత్తలేదు. మనసులో లేని మాట తన నోటికి రాదన్నాడు, ఆ సాయంత్రమే గుర్రమెక్కి దేశం దాటాడు. అప్పటికి భార్య కడుపుతో ఉంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పైచిలుకు లొసాన్‌లో, వెనిస్‌లో, కాగ్లియారిలో అద్దెగదుల్లో బతికాడు. ఇక్కడ ఆయన పొలాలు వేలంలో ఊడ్చుకుపోయాయి. అక్కడ పుస్తకాలు పుట్టాయి.

ఆయన రాసిందల్లా ఒకటే, తిప్పి తిప్పి రాశాడు. దేశమంటే నలుగురు కూర్చుని కాగితం మీద గీసుకునే ఇల్లు కాదు. పాలు తోడుకున్నట్టు తరతరాలుగా దానంతటది తోడుకునేది. బాగుచేద్దామని గరిటె పెట్టి తిప్పితే విరిగి కూర్చుంటుంది. తిరుగుబాటు అనేది మనిషి గర్వానికి దేవుడు వేసిన శిక్ష. ఎవరో ఒకరిది ఆఖరి మాట కావాలి, లేకపోతే వాదనకు అంతుండదు. క్రైస్తవులకు ఆ ఆఖరి మాట రోమ్‌లో పోపుగారిది. ఇక అవ్వలూ తాతలూ చేసుకుంటూ వచ్చినదాన్ని ఎందుకని అడగవద్దు. అడిగే నీ బుద్ధి నిన్నటిది, ఆచారమే నిన్ను పెంచింది.

ఫ్రెంచివాళ్లు ఓడిపోయాక సావోయ్ రాజు తిరిగొచ్చాడు, ఆయనా తిరిగొచ్చాడు. పొలాలు కొనుక్కున్నవాళ్లు పొలాల్లోనే ఉన్నారు. మొన్నటిదాకా ఫ్రెంచివాళ్ల కింద పనిచేసినవాళ్లే ఇప్పుడు రాజుగారి కొలువులో ఉన్నారు. ఆంతెల్మ్ ఎదురైతే టోపీ తీసి మర్యాద చేసి, ఏదో పనున్నట్టు పక్క గదిలోకి వెళ్లిపోయేవారు. మొదట్లో ఆయనకు కోపం వచ్చేది. తర్వాత్తర్వాత కోపానికి కూడా ఓపిక లేకపోయింది. గెలిచిన పక్షాన ఉండి ఓడిపోయినవాడిలా పొయ్యి దగ్గర కూర్చుంటున్నాడు.

ఫాదర్ ఫ్లోరెంతిన్ మెట్లు దిగి వచ్చాడు. ఇంకా మీసకట్టు సరిగా రాని వయసు. గురువుల బడిలో ఉండగా ఆంతెల్మ్ పుస్తకాలు కళ్లు మంటలెత్తేదాకా చదివినవాడు. ఆయన ఎదుట కూర్చోవడానికి కూడా మొహమాటపడతాడు. నిలబడే, నేల చూస్తూ చెప్పాడు: బిడ్డను సమాధుల తోటలో పెట్టడం కుదరదు, గోడ అవతల, ఉరేసుకున్నవాళ్లను పెట్టేచోట పెట్టాలి. జ్ఞానస్నానం లేని బిడ్డ నరకానికి పోదు గానీ స్వర్గానికీ పోదు. దేవుడి మొహం కనబడని ఒక మూల ఉండిపోతుంది. రేపు తల్లి చనిపోయి స్వర్గానికి వెళ్లినా అక్కడ ఆ బిడ్డ ఉండదు. ఇదంతా ఆంతెల్మ్‌కు తెలిసిందే. ఫాదర్ గొంతు సవరించుకుని అసలు సంగతికి వచ్చాడు. మంత్రసాని కొండగుడి మాట ఎత్తుతోందని, దొరగారు అది సాగనివ్వకూడదని అన్నాడు.

కొండగుడి సంగతి తెలియని ఆడది ఆ లోయలో లేదు. చనిపోయి పుట్టిన బిడ్డను పైకి మోసుకెళ్లి మరియమాత పాదాల దగ్గర పడుకోబెడతారు. పెదాల మీద ఈక ఒకటి ఉంచుతారు. జపమాల చెప్పుకుంటూ కాచుకుంటారు. అమ్మ దయతలిస్తే బిడ్డకు రెప్పపాటు కాలం ఊపిరి తిరిగొస్తుంది. చెంపకు రంగు తేలుతుంది, ఈక కదులుతుంది. ఆ రెప్పపాటులోనే నీళ్లు పోసి పేరు పెట్టేస్తారు. బిడ్డ మళ్లీ పోతుంది, కానీ ఈసారి పేరున్న బిడ్డగా పోతుంది.

“రోమ్ దీన్ని ఎప్పుడో వద్దంది,” అన్నాడు ఫాదర్. “మీకు నేను చెప్పాలా దొరగారూ? రోమ్ మాట మీద ఇంకో మాట లేదని రాసింది మీరే. ఆ పేజీ నాకు నోటికొచ్చు.”

“నాకూ వచ్చు,” అన్నాడు ఆంతెల్మ్.

కోడలు పిలుస్తోందని పెర్నెత్ వచ్చి చెప్పడంతో ఆయన గోడ పట్టుకుని మెట్లెక్కాడు.

ఫిలిబెర్త్ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కనే బిడ్డ, మెడదాకా చుట్టి ఉంది. మొహం మీద గుడ్డ కప్పనివ్వలేదు. తల్లి పోవడంతో చదువు మధ్యలో ఆపి తమ్ముళ్లను సాకిన పిల్ల ఆమె; ఎవరికైనా తుమ్ము వస్తే జ్వరం దాకా, జ్వరం వస్తే చావు దాకా ఆలోచించేస్తుంది. ఈ నెలలన్నీ మెట్లు దిగాలన్నా భయమే, వెల్లకిలా పడుకోవాలన్నా భయమే. కడుపులో కదలిక కాసేపు తెలియకపోతే చన్నీళ్లు తాగి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఇప్పుడు ఆ మొహంలో భయం లేదు. భయపడ్డదంతా జరిగిపోయాక భయానికి మాత్రం పనేముంది.

రక్తసంబంధీకులే బిడ్డను కొండెక్కించాలట, పెర్నెత్ చెప్పింది, మీరు తీసుకెళ్లాలి అని ఆమె మామగారితో అంది. ఆయన మంచం కోడు దగ్గర నిలబడి రోమ్ గురించి చెప్పాడు. అయినవాళ్ల మీద ప్రేమతోనే మనుషులు పెద్ద తప్పులు చేస్తారని చెప్పాడు. ఎవరో రాసింది పైకి చదువుతున్నట్టుగా తన గొంతు తనకే వినబడింది. ఆమె అడ్డురాకుండా అంతా విన్నది.

“మామయ్యగారూ, మీ పుస్తకాల దుమ్ము దులుపుతూ ఒక పేజీ చదివాను. ఒక్కటే. అవ్వలు చేసేదాన్ని ఎందుకని అడగొద్దని ఉంది అందులో.”

“ఉంది తల్లీ.”

“మా అమ్మమ్మ ఇద్దర్ని మోసుకెళ్లింది ఆ కొండమీదికి. ఎందుకని నేను అడగట్లేదు. మీరెందుకు అడుగుతున్నారు?”

పుస్తకంలో రోమ్ మాటకూ అవ్వల మాటకూ మధ్య బోలెడు పేజీలున్నాయి, ఒకదానికొకటి తగలకుండా ఆ పేజీలే సర్దిపెట్టాయి. ఇక్కడ మంచం మీద ఆ పేజీలు లేవు.

“రేపో ఎల్లుండో నాకు పాలొస్తాయంట,” అంది ఫిలిబెర్త్. “బిడ్డ ఉందా లేదా అని పాలు చూడవంట. గుడ్డ బిగించి కడితే ఎండిపోతాయంది పెర్నెత్. ఎలా కట్టించుకోను? ఎక్కడుందో తెలియని బిడ్డకి ఆకలేస్తుందో లేదో నాకెలా తెలుస్తుంది? స్వర్గంలో ఉందని తెలిస్తే కట్టించుకుంటాను.”

ఆంతెల్మ్ వంగి బిడ్డ మొహం చూశాడు. తర్వాత పేరేమిటని అడిగాడు.

“జోసెఫ్త్,” అంది ఆమె. బిడ్డను తనే ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది.

పెర్నెత్, ఊళ్లోంచి మరో ఇద్దరు ఆడవాళ్లు ఆయన వెంట బయల్దేరారు. గుమ్మం దాటగానే పెర్నెత్ ఆగి ఆయన చేతులు సర్దింది.

“తల కింద చెయ్యి పెట్టండి దొరగారూ. పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకుంటే ఎట్లా?”

“నేనెప్పుడూ ఎత్తుకోలేదు పెర్నెత్. గాస్పార్‌ని నేను మొదటిసారి చూసేసరికి వాడికి గడ్డం వచ్చింది.”

“చెప్పక్కర్లేదు, తెలుస్తూనే ఉంది,” అంది ఆమె.

దేవదారు చెట్ల మధ్య నుంచి దారి. కింద బురద, పైకి పోయేకొద్దీ మంచు. ఆయన మాటిమాటికీ ఆగాడు. ఆగినప్పుడల్లా ఆడవాళ్లు కూడా ఆగి, ఆయన వైపు చూడకుండా తమలో తాము మాట్లాడుకున్నారు: ఎవరి మేక ఈనిందో, ఎవరి అత్తగారు ఇంకా చావకుండా సతాయిస్తోందో. ఒకామె ఉడికించిన చెస్ట్‌నట్ కాయ ఒలిచి, చేతులు ఖాళీ లేవు కదా అని, నేరుగా ఆయన నోట్లో పెట్టింది. అరవై దాటిన దొర, నోరు తెరిచి తిన్నాడు. బిడ్డ బరువు ఏమంత లేదు. కానీ ఆ బరువు లేకపోవడమే మోయడానికి కష్టంగా ఉంది.

కొండగుడి అంటే ఒక రాతిగది, పైన చెక్కపెంకుల కప్పు, అంతే. దాన్ని చూసుకునే ఫాదర్ అమేదే కళ్లలో పొరలు కమ్మి తెల్లగా ఉన్నాయి. తిరుగుబాటు రోజుల్లో ఆయన కూడా ప్రమాణం చేయనన్నవాడే. గడ్డివాముల్లో దాక్కుని, పశువుల పాకల్లో పూజలు చేసి బతికాడు. రోమ్ వద్దన్న పని ఇక్కడ జరుగుతోందని గురువులందరికీ పెద్దయిన మేత్రానులవారికి తెలుసు. ఎలాగూ ముసలాడు పోతాడు కదా, వాడితోనే పోతుందని ఊరుకున్నారు.

“కోర్వాల్ దొరా?” అన్నాడు ఫాదర్ అమేదే పలకరింపులో గొంతు గుర్తుపట్టి. “మనది ఒకటే కథ. ప్రమాణం చెయ్యనని మీరు దేశం దాటారు, నేను గడ్డిలో దూరాను. మీకు పేరొచ్చింది, నాకు గజ్జి వచ్చింది.”

బిడ్డను మరియమాత విగ్రహం ముందు రాతి మీద పడుకోబెట్టారు. ఆ రాతికి రెండు పక్కలా నిప్పుల కుంపట్లు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. పెర్నెత్ తన తలగుడ్డలోంచి బాతు ఈక తీసి బిడ్డ పెదాల మీద ఆనించింది. జపమాల మొదలైంది. ఆంతెల్మ్ అందరితోపాటు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుంపటి సెగకు రాయి వేడెక్కుతుందని, వేడికి చర్మం రంగు మారుతుందని ఆయనకు తెలుసు. తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది. ఒక జపమాల అయింది, రెండోది అయింది, మళ్లీ మొదటికి వచ్చారు. మోకాళ్లు మొద్దుబారాయి. పరాయి దేశాల్లో ఉన్నన్నాళ్లూ రాజు తిరిగి రావాలని రోజూ ప్రార్థన చేసినవాడే. ఆ ప్రార్థనలో ఇంత ఆశ ఉన్నట్టు ఆయనకు గుర్తులేదు. కదులు, అంటున్నాడు ఈకతో లోలోపల. ఒక్కసారి కదులు.

కుంపట్లో నిప్పు తగ్గిందని ఒకామె బొగ్గులకు వెళ్లింది. రెండు చేతులా తట్ట పట్టుకుని, తిరిగొస్తూ తుంటితో తలుపు నెట్టింది. ఈక లేచి పక్కకు పడింది.

“కదిలింది,” అంది పెర్నెత్.

“నాకు కనబడదు కదా,” అన్నాడు ఫాదర్ అమేదే నీళ్ల గిన్నె తడుముకుంటూ. “ఎవరు చూశారు?”

ఆడవాళ్లు ముగ్గురూ చూశామన్నారు. తట్ట పట్టుకుని ఉన్నామె కూడా అంది.

“దొరగారు?”

ఆంతెల్మ్ ఈకను చూశాడు, తలుపునూ చూశాడు. నోరు విప్పలేదు. ముసలి గురువు ఒక క్షణం ఆగి, ఇక ఆగకుండా బిడ్డ నుదురు వెతుక్కుని నీళ్లు పోశాడు.

“నువ్వు బతికి ఉంటే, జోసెఫ్త్, పిత పుత్ర పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్నాను.”

బతికి ఉంటే. ఆంతెల్మ్ ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. ఇన్నేళ్లు రాసిన పుస్తకాల్లో అంతపాటి సందు ఆయన ఎవరికీ వదల్లేదు.

గుడి చూరు కింద, కప్పు మీంచి జారే నీళ్లు పడేచోట నేల మెత్తగా ఉంటుంది. అక్కడే పిల్లలందరినీ పెడతారు, వాన వచ్చినప్పుడల్లా గుడినీళ్లు వాళ్ల మీద పడతాయని. జోసెఫ్త్‌నూ అక్కడే పెట్టారు. వెళ్లేముందు ఫాదర్ అమేదే ఆయన చేతిలో రొట్టె, చీజ్ ముక్క పెట్టి, తలుపు చప్పుడు తనకూ వినబడిందని మెల్లగా చెప్పాడు. “తినండి. దిగేటప్పుడే మోకాళ్లు పట్టేసేది,” అన్నాడు.

దిగేటప్పుడు పెర్నెత్ ఆయన పక్కన నడిచింది. “అమ్మాయి నా మాట నమ్మదు దొరగారూ. నేను అందరికీ కదిలిందనే చెబుతానని ఆమెకి తెలుసు. మిమ్మల్నే అడుగుతుంది,” అంది. ఆయన అవునన్నాడు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరారు. ఆయన వెళ్లేటప్పుడు ఫిలిబెర్త్ ఎలా కూర్చుందో అలాగే కూర్చుని ఉంది. రవిక ముందుభాగం రెండు చోట్ల తడిసింది. పాలు రేపటిదాకా ఆగలేదు.

“కదిలిందా?”

“కదిలింది.”

అక్కడిదాకా నిజమే. ఆమె అంతటితో ఊరుకునే మనిషి కాదు.

“గాలికా? గాలికి కదిలినా పెర్నెత్ కదిలిందనే అంటుంది. మీరు చెప్పండి మామయ్యగారూ. లేనిది ఉందని మీరు అనరు. మీరు అలా అనలేకపోబట్టే కదా అత్తయ్యగారు అన్నేళ్లు ఈ ఇంట్లో ఒంటరిగా ఉన్నది.”

ఆంతెల్మ్ ఆమె మొహం చూశాడు, తడిసిన రవిక చూశాడు. ఇల్లు, పొలాలు, భార్య, కొడుకు బాల్యం, అన్నీ పోసి కొనుక్కున్నది ఆ ఒక్క పేరే. అబద్ధమాడనివాడు. ఆయన దగ్గర ఇంకా మిగిలి ఉన్నది అదే. ఈ పిల్లకు ఇప్పుడు పనికొచ్చేదీ అదొక్కటే. వాడుకుంటే పోతుంది, వాడుకోకపోతే దేనికి దాచినట్టు?

“ఊపిరికే,” అన్నాడు. “గాలి లేదు. తలుపు మూసి ఉంది.”

ఆ రెండో మాట ఎవరూ అడగలేదు.

ఫిలిబెర్త్ కళ్లు మూసుకుంది. కాసేపటికి పెర్నెత్‌ను పిలిచి, గుడ్డ తెమ్మంది. గట్టిగానే కట్టమంది.

ఒకసారి చెబితే అయిపోతుందని ఆయన అనుకున్నాడు. మర్నాడు మళ్లీ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. సూప్ గిన్నె పట్టుకుని ఆయన పైకి వెళ్లేసరికి ఎదురుచూస్తూ ఉండేది. చెప్పందే చెంచా ముట్టేది కాదు. అడిగినప్పుడల్లా కొంచెం కొత్తగా చెప్పాల్సి వచ్చేది. చెంపకు రంగు తేలిందన్నాడు. పెదాలు తడిశాయన్నాడు. బరువులెత్తినవాడిలా మెట్లు దిగి, పొయ్యి దగ్గర కూర్చునేవాడు. సగం రాసిన పుస్తకం బల్లమీద తెరిచే ఉంది. పక్కన సిరా గడ్డకట్టింది.

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ ఫ్లోరెంతిన్ వచ్చాడు. బాలింతను పలకరించి, పక్కనున్న దొర వైపు తిరిగాడు. ఈ మాటు నేల చూడలేదు. కోర్వాల్ దొర స్వయంగా చూశాడట అని లోయంతా చెప్పుకుంటున్నారని, అవతలి లోయ నుంచి కూడా నిన్న ఎవరో మూట పట్టుకుని కొండెక్కారని చెప్పాడు. రోమ్ గురించి అంత రాసినాయనే చూస్తే మేం ఎందుకు ఆగాలని ఊరివాళ్లు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదన్నాడు.

“మీరు చూడలేదని ఒక్క మాట అనండి. వచ్చే ఆదివారం పూజలో నేను చెబుతాను. మీ మాట కాదనేవాడు ఈ దేశంలో లేడు. ఈ ఆచారం ఇంతటితో ఆగుతుంది.”

ఫిలిబెర్త్ మామగారి వైపు చూడలేదు. దుప్పటి అంచు పట్టుకుని కిటికీ వైపు చూస్తోంది. ఆ వేళ్లు తెల్లబడ్డాయి.

“నేను అక్కడే ఉన్నాను ఫాదర్,” అన్నాడు ఆంతెల్మ్. “మోకాళ్ల మీద ఉన్నాను. మూడో జపమాల నడుస్తోంది. మొదట ఈక కదిలింది. ఆ తర్వాత చెంపకు రంగు...”

“కాదు మామయ్యగారూ,” అంది ఫిలిబెర్త్. “ముందు చెంప. ఎడమ చెంప. ఆ తర్వాత ఈక.”

ఆయన తిరిగి చూశాడు. ఆమె కల్పించి చెప్పడం లేదు. తన కళ్లతో చూసినదాన్ని గుర్తుచేసుకుంటున్నట్టే ఉంది ఆ మొహం. ఎడమ చెంప అని ఆయన ఏనాడూ అనలేదు. అవ్వల ఆచారం ఎక్కడ పుట్టిందని అడగవద్దని ఊరికే రాసేశాడు; అది ఎలా పుడుతుందో ఇప్పుడు చూశాడు. చూడటమేమిటి, దగ్గరుండి పురుడు పోశాడు.

“అవును,” అన్నాడు. “ముందు ఎడమ చెంప. నేనే మర్చిపోయాను.”

ఫాదర్ ఫ్లోరెంతిన్ టోపీ తీసుకుని, ఈస్టరుకు ముందు పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వస్తారు కదా అని మెల్లగా అడిగాడు. వస్తానన్నాడు ఆంతెల్మ్. మెట్ల మీద అడుగుల చప్పుడు దిగిపోయింది, కింద తలుపు పడింది.

ఆయన స్టూలు మంచం దగ్గరకు లాక్కుని, నడుము పట్టుకుని కూర్చున్నాడు. ఫిలిబెర్త్ దుప్పటి వదిలి ఆయన వైపు తిరిగి పడుకుంది. ఫాదర్ రావడంతో మధ్యలో ఆగిపోయింది కదా, మొదటినుంచి చెప్పమంది.

ఆయన మొదటినుంచి చెప్పాడు.